ఐదేండ్ల రెండు నెలలు

ఫారానికి అరవై రూపాయలు.
తాళం వేసిన ఇంటికి ఏమీ రాదు.
అందుకే భోలక్‌పూర్‌లో పొద్దున్నే తిరుగుతాను,
ప్లాస్టిక్ ఏరేవాళ్ళు గోనెసంచులు భుజానేసుకోకముందే,
నల్లా వచ్చే ఆ ముప్పావుగంటలో
మనుషులు బిందెల దగ్గర దొరుకుతారు.

బుగ్గమ్మ ఇల్లు గల్లీ చివర.
తోళ్ళ గోదాము గోడే ఆమె గోడ.
వాసన రాసే గడి నా ట్యాబ్‌లో లేదు,
నేనూ అడగలేదు,
కొంగు మాత్రం ముక్కుదాకా పోయి
సిగ్గుపడి వెనక్కొచ్చింది.

వంటకు?
గ్యాసు. బండ అయిపోయి ఇరవై రోజులు.
మరుగుదొడ్డి?
నాలుగిండ్లకొకటి.
నీళ్ళు?
వస్తయి. మొదటి రెండు బిందెలు పారబోస్తం.
ఎందుకన్నాను.
జవాబు చెప్పకుండా
నా చేతిలో పెట్టిన చాయ్ గ్లాసు వైపు చూపించింది.
ఆ రంగు.

ఫ్రిజ్?
ఉంది.
ఉన్న మాట నిజమే.
జుమ్మెరాత్ బజార్‌లో ఐదువందలకు కొన్నది,
పేగులన్నీ తీసేసినది,
ఎలుకలకు అందకుండా బియ్యం దాచుకునే పెట్టె.
నా వేలు ‘ఉంది’ మీద పడగానే
ఆ ఇల్లు గీతకు కొంచెం పైకి జరిగింది.
తెర మీద ఏమీ కనబడదు,
దేనికెంత బరువో శిక్షణలో నేర్పారు, నాకు తెలుసు.

బిడ్డ స్పందన దండకు టేపు చుట్టాను.
పసుపు దగ్గర ఆగింది,
ఎరుపుకు నూలుపోగంత ఎడం.
బుగ్గమ్మ వేలికి సూది గుచ్చితే
నెత్తురు వెంటనే రాలేదు, పిండాల్సొచ్చింది.
ఎనిమిదిన్నర.
“ఎనిమిదిన్నరంటే పాసా, ఫేలా?”
ఐరన్ గోలీలు వేసుకోమన్నాను.
“కడుపుల బువ్వ ఉంటెనే ఆ గోలి ఊకుంటది మేడం,
లేకుంటె తిప్పుతది.”

తర్వాతి ప్రశ్న గొంతు మార్చకుండా చదవాలని చెప్పారు.
మార్చకుండానే చదివాను.
గత ఐదు సంవత్సరాలలో ఈ ఇంట్లో
పద్దెనిమిదేళ్ళ లోపు వారెవరైనా చనిపోయారా?

బిందె నిండి పొర్లుతోంది.
ఆమె నల్లా కట్టలేదు.

“బడిల రిత్విక్. ఇంట్ల పెంటడు.”
ముందు ఇద్దరు నిలవలేదట.
పెంట మీద పొర్లించి ఆ పేరు పెడితే
చావు మొహం తిప్పుకుంటుందని అత్త చెప్పిందట.
నాలుగేండ్లు తిప్పుకుంది కూడా.

ఫ్రిజ్ తెరిచింది.
కూరగాయలుండాల్సిన అరలోంచి
ముడేసిన బట్టలషాపు కవరు,
కవర్లో నిలోఫర్ కాగితాలు.
వాంతులు, విరేచనాలు, మూడు రోజులు,
మే నెల తారీఖు.
వేళ్ళ మీద లెక్కపెట్టాను, మళ్ళీ లెక్కపెట్టాను.
ఐదేండ్ల రెండు నెలలు.

ఎవరూ వినకుండా అడిగాను:
అమ్మా, శ్రావణంలో అని రాయనా?
కొద్దిగా ఇటు జరిపితే పిల్లగాడు లెక్కలోకొస్తాడు.

ఆమె నన్ను చూసిన చూపుకు
ట్యాబ్ తెర కూడా ఆరిపోయింది.
“వద్దు మేడం.
ఎండలల్ల పోయినోణ్ణి
వానలల్ల మళ్ళ సంపకు.”

‘లేరు’ మీద నొక్కాను.
ఫారం తీసుకుంది, పచ్చ టిక్కు పెట్టింది.
అరవై రూపాయలు.

కవరు మళ్ళీ అరలో పెట్టి
ఫ్రిజ్ తలుపు మోకాలితో నెట్టింది.
అది నిలవదు. పాత చీర అంచుతో కట్టింది,
రెండు ముళ్ళు.
అప్పటికి నల్లా ఆగిపోయింది.

బయట
పొద్దున పారబోసిన మొదటి రెండు బిందెలు
గల్లీ మధ్యలో ఇంకా ఇంకలేదు.
కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దాటుతుంటే
స్పందన వట్టికాళ్ళతో
ఆ నీళ్ళలోనే నిలబడి
నాకు టాటా చెప్పింది.