బుగ్గమ్మ ముడి

తెల్లారితే అనంతగిరి ప్రయాణం.
మణికొండలో మా అపార్ట్‌మెంటు డాబా మీద
కొత్త టెంటు విప్పుకుని కూర్చున్నాను
కాగితంలో బొమ్మలు చూసుకుంటూ.
కడ్డీలు ఏడు, మేకులు పన్నెండు.
బుద్ధి మాత్రం ప్యాకెట్లో రాలేదు.

ఆరిన బట్టల కోసం వచ్చింది వాచ్‌మన్ భార్య బుగ్గమ్మ.
దుప్పటి సగం మడిచి ఆగింది.
"ఏం కడ్తున్నవ్ సారూ, దోమతెరనా?"

చెప్పాను.
నవ్వలేదు. దుప్పటి పిట్టగోడ మీద పడేసి
నా పక్కన గొంతుక్కూర్చుంది.

"ముందుగాల ఉత్త నేల మీద పండుకొని చూడు.
వీపుకు రాయి తగిల్తే తీసెయ్యి.
తల ఎత్తు దిక్కు పెట్టు.
గుంత మెత్తగ కనపడ్తది, నమ్మకు,
అది వాననీళ్లు పండుకునే జాగ.
తలుపు గాలికి ఎదురుంగ పెట్టకు.
గాలి ఎటున్నదో కొంగు ఇడిస్తే తెలుస్తది.
నీకు కొంగెక్కడిది, తువ్వాల పట్టుకో."

ఇక్కడ మేకు ఎలా దిగుతుందన్నాను, అంతా సిమెంటు.
"అక్కడ బండ లేదా?
రాయికి తాడు చుట్టు, దాని మీద ఇంకో రాయి.
మేకు దిగకపోతే బరువు ఆగుతది."

ఫోన్‌లో రాసుకుంటున్నాను.
ఆమె తాడు కొస అందుకుంది.
ఒక చుట్టు, ఒక మెలిక, వేలి సందులోంచి ఒక దూర్పు.
ఈ కొస లాగితే బిగుస్తుంది,
ఆ కొస లాగితే ఊడి చేతికొస్తుంది.
నేను మూడుసార్లు కట్టాను, మూడుసార్లూ చిక్కే.
నాలుగోసారి ముడి నా మాట విన్నది.

"మొదటి పూటకు సద్ది కట్టుకపో,
పొద్దుగూకినంక పొయ్యి నేర్సుకుందామనుకోకు.
ఉల్లిగడ్డ, అల్లం ఇంట్లనే కోసి డబ్బాల పెట్టు.
అగ్గిపెట్టెలు రెండు. ఒకటి బియ్యంల దాసిపెట్టు.
మంట పెట్టనిస్తరో లేదో జంగ్లాతోళ్లను అడుగు.
పెట్టనిస్తే, కట్టె విరిచి చూడు:
టప్పుమంటే మండుతది, వంగితే పొగ.
రాత్రి ఫోన్ లైటు మీద నీళ్ల సీసా నిలవెట్టు,
ఇల్లంత వెన్నెల.
పొద్దుగాల బూట్లు బోర్లించి కొట్టు.
లోపల ఎవరున్నరో అడగకుండ కాలు పెట్టకు."

ఇవన్నీ నీకెలా తెలుసన్నాను.
గడ్డంతో పిట్టగోడ అవతలికి చూపించింది.
"ఆ తెల్ల బిల్డింగు లేసేటప్పుడు పంతొమ్మిది నెలలు.
ఎనుక గాజుది, రెండేండ్లు.
మాది నీలం పట్ట. మా పెద్దపిల్ల దాంట్లనే పుట్టె.
ఒక వానకు పట్ట లేసిపోతాంటే
మా ఆయన ఒక కొస, నేనొక కొస పట్టుకొని
నిలవడి నిద్రపోయినం.
అప్పటికి ఈ ముడి తెల్వకుండె.
తెల్లారినంక సెంట్రింగు ఒరియా పిలగాడు నేర్పిండు."

అతని పేరు?
"పేరు యాదికి లేదు. ముడి యాదికున్నది."

కూరగాయల ధర చెప్పినట్టే చెప్పింది అంతా.
టెంటు ఎంతకు కొన్నావంది.
సగం చెప్పాను.
సగానికే కళ్లు పెద్దవి చేసింది.
తర్వాత జిప్పు కిందికీ మీదికీ మూడుసార్లు లాగి
"తలుపు మంచిగుంది" అని
లోపలికి దూరి కాళ్లు చాపుకుంది.
నేను బయట నిలబడ్డాను
నా టెంటుకు నేనే వాచ్‌మన్‌లా.
కాసేపటికి లోపల్నుంచి మాట:
"ఉక్కపోస్తది సారూ. మీద కిటికీ జర తెరిచి పెట్టు."

అనంతగిరిలో నడిరాత్రి గాలి లేచింది.
పక్క టెంటు కుర్రాళ్లు అరుచుకుంటూ మేకులు వెతుక్కున్నారు.
నేను నిద్రపోయానని గొప్ప చెప్పుకోను,
ముడి తడుముకుంటూ కూర్చున్నాను.
పొద్దున బూటులోంచి ఒక చిన్న కప్ప దూకింది.

ఆదివారం సాయంత్రం డాబా ఎక్కితే
బుగ్గమ్మ నా చేతిలో మూట తడిమి చూసింది.
"తడిది మడిస్తే ముక్కుతది. ఆరెయ్యి."
అక్కడున్న తాడు మీద
వాళ్ల దుప్పటి పక్కన నా ఇల్లు ఆరేసుకున్నాను.
ఎగిరిపోకుండా కొసలు కట్టాను.
ముడి నాదే.
కాదు, ఆమెది.
అదీ కాదు, ఆ ఒరియా పిలగాడిది.