గాలి వాటా

ఐన్‌బెక్‌లో, మా వంటింటి కిటికీ మీదికి
ఆరెన్స్ గారి బేరి చెట్టు ఒక కొమ్మను పంపింది.
పంపిందనడం మర్యాద కోసం. చొరబడింది.
మిట్టమధ్యాహ్నం లైటేసుకుని ఉల్లిపాయలు తరుగుతాను.

అడగొచ్చు కదా, అంటారు.
పదకొండేళ్ళుగా మా మధ్య మాటల్లేవు.
ఎందుకో అతనికేమైనా గుర్తుందేమో,
నాకు గుర్తున్నది వాననీళ్ళ గొట్టం వరకే.

వకీలు కోల్బె కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
చట్టం వడ్డించింది, ఉప్పు లేకుండా:
"కొయ్యొచ్చు, నీకు నిజంగా ఇబ్బందైతేనే.
ముందు గడువివ్వాలి, అది సబబుగా ఉండాలి.
గీత దాటినంత మేరకే. జానెడు కూడా అటు పోకూడదు.
గూడుంటే, పిల్లలు ఎగిరేదాకా రంపం ముట్టకు.
కొమ్మనున్న కాయ అతనిది.
నీ నేల మీద రాలితే నీది."
"కాస్త ఊపితే?"
"దొంగతనం."
"గాలి ఊపితే?"
"గాలి మీద కేసు వేసినవాళ్ళు ఇంతవరకు లేరు."

జూన్‌లో రిజిస్టరు ఉత్తరం రాశాను,
సెప్టెంబరు ముప్పై దాకా గడువిస్తూ.
కంచెకివతల నుంచి కంచెకవతలికి
ఊరంతా తిరిగి మూడో రోజుకి చేరింది.
జవాబు లేదు.

కొలత కోసం నిచ్చెనెక్కి
సరిహద్దు మీద నూలుదారం కట్టాను.
పైనుంచి కనిపించింది:
కొమ్మ కింద పంగలకర్ర ఊతం,
బెరడు ఒరుసుకోకుండా దానికి చుట్టిన
ఆడవాళ్ళ ఉన్ని మేజోడు.

హానె పోయిందని
నేను పేపర్లో చదివాను.
పేపరు మడిచి పెట్టేశాను.

దారం ముడి రెండుసార్లు జారింది.

ఇరవై తొమ్మిదో తారీకు, తెల్లవారుతుండగా,
దబ్.
కాసేపాగి, దబ్, దబ్.
తెర తొలగించి చూశాను.
దారం కదలడం లేదు.
ఎదురింటి పొగ నిట్టనిలువుగా లేస్తోంది.
ఆ ఒక్క చెట్టే ఊగుతోంది,
మొదట్లో ఎవరో ఆయాసంతో దగ్గుతున్నారు.

తన చెట్టు తానే ఊపుకుంటే
ఏ సెక్షను వర్తిస్తుందో కోల్బె చెప్పలేదు.

మంచుకి తడిసిన గడ్డిలో ఏరాను. పదిహేడు.
ఒకటి చితికింది. దాన్నీ ఒళ్ళో వేసుకున్నాను.
కంచె వైపు చూడకుండా, కొంచెం గట్టిగానే
"రాత్రి గాలి బాగా వీచినట్టుంది" అన్నాను.
చాలాసేపటికి
అటునుంచి, "అవును."

రంపం గోడకే వేలాడుతోంది.
గడువుకింకా ఒక రోజుంది.