వెనకవి

రాంకోటి సందులో జాంగీర్ షెడ్డు.
షట్టరు సగమే లేస్తుంది, మనమే వంగాలి.

కిర్రుమంటోంది మేస్త్రీ, అన్నాను,
సిగ్నల్ దగ్గర పక్కబండ్లవాళ్లు తిరిగి చూస్తున్నారు.
ఆయన స్టార్ట్ చేయమనలేదు, చెవి పెట్టి వినలేదు.
వెనక చక్రం ముందు గొంతుక్కూచుని
"ఎన్కవి ఒడిసినయ్" అన్నాడు.

వెనకవా?
సైనిక్‌పురిలో ఓ రిటైర్డ్ మేజర్ దగ్గర కొన్న బండి ఇది,
కొన్ననాటి నుంచీ పెడలు మీద కాలు పెట్టి ఎరగను.
చూడు కావాలంటే, దాని మీద గళ్లు కూడా చెరగలేదు.
నేను పట్టేది ముందు బ్రేకే.
రెండు వేళ్లు, అంతే,
గొయ్యి దగ్గరైనా, యూటర్న్ దగ్గరైనా.

జాంగీర్ పిన్ను లాగాడు.
అరచేతిలో రెండు ముక్కలు పెట్టాడు.
ఒకటి పేరుకే ప్యాడు.
రెండోది వట్టి ఇనపరేకు.
డిస్కు మీద గీతలు,
ఇసకతో తోమిన గిన్నె అడుగులా.
ముందువి కూడా విప్పి చూపించాడు:
ఇంకా నువ్వులజీడంత మందం ఉన్నాయి.

"గిది జంట బ్రేకుల బండి సార్.
చేత్తోని పిసికితే ముందలదే వడ్తదనుకుంటవ్.
లోపట ఇంకో పైపు ఉంటది,
అది ఎన్కకు వోయి చెప్తది.
ముందలివి పెద్దయి, రెండు దిక్కుల ఉంటయ్.
ఎన్కది ఒక్కటే, చిన్నది.
నువ్వు వట్టినప్పుడల్ల అదీ వడ్తది.
నీకెర్కుండదు."

తిట్టినట్టు అనలేదు ఆ మాట,
పానా వెతుక్కుంటూ అన్నాడు.
ఇన్నాళ్లూ సర్వీసువాళ్లు బిల్లులో రాసే ఉంటారు.
నేను మొత్తం మాత్రమే చదివేవాణ్ణి.

స్టూలు మీద కూచున్నాను.
ఎదురుగా బండి, చక్రం లేకుండా,
వెనక కూచునేవాళ్ల ఫుట్‌రెస్టులతో.
పదకొండేళ్లలో వాటిని చూసే పని పడలేదు.
ఎడమదాని రబ్బరు బాగానే ఉంది.
కుడిదాని రబ్బరు అరిగి లోపలి ఇనుము తేలింది.

వినోద.
నేను బ్రేకు వేసినప్పుడల్లా వెనక కుడికాలు నొక్కుతుంది.
మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్లలో,
పంజాగుట్ట ఫ్లైఓవరు దిగుతుంటే అడ్డొచ్చిన సిటీబస్సు వెనక,
పిల్లి అనుకుంటే ప్లాస్టిక్ సంచి అయిన చోట కూడా.
"అక్కడేముందని నొక్కుతావ్, నీకో పెడలుందా?"
వాళ్ల చెల్లెలి పెళ్లిలో అందరినీ నవ్వించాను.
తనూ నవ్వింది.
తిరిగొస్తుంటే చాదర్‌ఘాట్ దగ్గర నొక్కింది.
చెప్పుల జతలో కుడిదే ముందరిగేది.
ఒక్కదానికే అడుగు వేయించుకొచ్చేది, నలభై రూపాయలకి.
"నడకేమన్నా వంకరా అమ్మా" అని అడిగేవాడట అతను.

ఆ కాలు దేన్నీ ఆపలేదు. తెలుసు.
దానికింద పైపు లేదు, నూనె లేదు.
అయినా అరిగింది.

ఆ రబ్బరు కూడా మార్చు మేస్త్రీ, అన్నాను.
"గది బ్రేకు గాదు గద సార్."
తెలుసు, మార్చు.
బేరమాడలేదు నేను. ఆయనకే అనుమానమొచ్చి
ఇరవై తగ్గించాడు.
"కొత్తయి సర్దుకునేదాక గట్టిగ వట్టకు,
మూడొందల కిలోమీటర్లు."

సాయంత్రం మింట్ కాంపౌండ్ గేటు దగ్గర
టిఫిన్ డబ్బా, గొడుగు సర్దుకుని ఎక్కింది.
పాత ప్యాడ్లు నా జేబులో
ఇంటి తాళాలతో కలిసి చప్పుడు చేస్తున్నాయి.
"ఏంటిది, కాలి కింద మెత్తగా ఉంది?"
చెబుదామనుకున్నాను.
లక్డీకాపూల్ దగ్గర ఎర్రలైటు పడింది.
ఎప్పటికన్నా ముందే వేళ్లు వేశాను.
కుడివైపు, కొంచెం, బండి తెలిసీ తెలియనట్టు ఒరిగింది.

"మూడొందల కిలోమీటర్లు గట్టిగా నొక్కొద్దట" అన్నాను.

"ఎవరు?" అంది.