పిల్లికి గంట

నలభై ఏళ్లు చప్పుళ్లు తీసేసే పని చేశాను.
స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద పెట్టి
పిడిని చెవికి ఆనించుకుంటే చాలు,
ఏ వాల్వు అరిగిందో ఏ బేరింగు అలిగిందో
అదే చెప్పేసేది.
అడిస్ అబాబాలో, పియాసా దిగుడులో
నా రేకుల షెడ్డుకి బోర్డు లేదు.
ఎందుకూ? నీలం తెలుపు లాడా టాక్సీలు
దగ్గుకుంటూ వాటంతటవే వచ్చేవి.

ఇప్పుడు షెడ్డులో వాన చప్పుడొక్కటే.

కొత్త పెట్రోలు బండిని
ఇక దేశంలోకి రానివ్వమన్నారు.
బంకు ముందు క్యూలో తెల్లార్లూ
స్టీరింగు మీద తలవాల్చి నిద్రపోయే గెతహున్
లాడాని తుక్కుకి అమ్మేశాడు.
అమ్మే ముందు నా దగ్గరికి తెచ్చి
"ఒక్కసారి విను" అన్నాడు.
విన్నాను. ఏం చెప్పను?
మూడో గేరులో అది ఎప్పట్లాగే ఏడ్చింది.

అప్పు చేసి కొన్న కొత్తదీ తెచ్చి చూపించాడు.
బానెట్ ఎత్తాను.
నల్ల మూత, నారింజ రంగు తీగలు,
ముట్టుకోవద్దని ఒక బొమ్మ.
స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడ్డాను
చుట్టం ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాక
తలుపు తట్టినవాడిలా.

మంచిదే, కాదనను.
సాయంత్రానికి కూడా చొక్కా కాలరు తెల్లగానే ఉంటోంది.
ఎంతోతో కొండ మీది జామాయిల్ చెట్ల వాసన
ఇన్నేళ్లూ పొగ వెనక ఎక్కడ దాక్కుందో,
మలుపు దాకా దిగొస్తోంది.

ఆ మలుపులోనే అయల్నేష్ కూర్చుంటుంది.
వేపిన బార్లీ గింజలు గ్లాసుతో కొలిచి అమ్ముతుంది.
చూపు పదేళ్లప్పుడు పోయింది.
రోడ్డు దాటడానికి ఎవరి చెయ్యీ అడగదు,
చెవితో దాటుతుంది.
"అది మెలాకు బండి, బ్రేకు పడదు, నేనే ఆగుతాను.
ఇది గెతహున్, వాడే ఆగుతాడు."

మొన్న ఆ గెతహున్ బండే
ఆమె బుట్టని ఎగరగొట్టింది.
మెల్లగా పోయేటప్పుడు సన్నగా ఈల వేస్తుందట.
మా వానల్లో అదెవరికి వినపడాలి!
తడి రోడ్డు మీద గింజలు ఏరుకుంటూ అంది నాతో:
"ఏడవడం మానేసిన బండి
ఎక్కడుందో నాకెలా తెలుస్తుంది?
పిల్లుల్లా వస్తున్నాయి, వొందఫ్రాష్.
మెకానిక్కువి కదా,
ఎవరు కడతారు గంట?"

ఆ రాత్రి తుక్కు కొట్టుకి వెళ్లాను.
లాడా అప్పటికే సగం లేదు.
తలుపుల్లేవు. సీట్లు ఎవరింట్లో సోఫా అయ్యాయో.
రెండు వాల్వులు అడిగి తెచ్చుకున్నాను,
నేనే రెండుసార్లు నూరి కూర్చోబెట్టినవి.

మర్నాడు టైర్లలో గాలి చూస్తానని
కొత్త బండి కిందకి దూరి
వెనక ఇరుసు దగ్గర తీగతో కట్టాను.
కొంచెం వదులుగా.
ఎంత వదులో చూసుకుని మరీ.
బండికి ఒక చప్పుడు పెట్టడం
నా జన్మలో అదే మొదలు.

మూడు రోజులకి గెతహున్ వచ్చాడు.
"ఇంకా వాయిదా ఒక్కటే కట్టాను,
అప్పుడే కింద ఏదో టింగుటింగుమంటోంది.
కంపెనీ వాళ్లు కంప్యూటరు తగిలించి చూశారు,
ఏమీ లేదంటారు."
స్క్రూడ్రైవర్ తీశాను.
మొన బండికి, పిడి చెవికి.
కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాను,
తీసుకోబోయే డబ్బుకి తగ్గట్టు.
"ఏమంటోంది?" అన్నాడు.
"దానికేం కాలేదు. తిప్పుకో."

వాన వెలిసింది.
బండి ఎత్తు ఎక్కి గుంతలో దిగిందో లేదో
అయల్నేష్ గ్లాసు పైకెత్తి కేకేసింది:
"గెతహున్! ఎప్పుడిస్తావురా
నా బుట్టెడు బార్లీ!"

వాడు ఆగాడు.
అద్దంలో చూసుకున్నాడు. బండి దిగి వంగి కిందకి చూశాడు.
తర్వాత నెమ్మదిగా
నా షెడ్డు వైపు తిరిగాడు.