సల్లగుండు

మక్తల్ల బస్సు దిగినంక
మొదలు అడిగింది సోడాల దుకాణపు హుస్సేనన్న:
"మంచు ఎట్లుంటది సెల్లె?"
గోనెసంచిల సుట్టిన అయిసుగడ్డను
సుత్తెతోటి కొడుతుండు.
రంపప్పొట్టు అంటిన ఒక తునక సేతిలవెట్టి
"గిట్లనేనా?" అన్నడు.

ఏం జెప్పాలె.
మనకున్నది ఒక్కటే మాట.
తెల్లారి జొన్నకంకి మీద తడి, మంచు.
సలికాలంల కృష్ణ అవతలొడ్డు కానరాకుంటె, మంచు.
ఆడ కొండల మీద
ఆర్నెల్లు కదలకుండ పండుకునేది గూడ మంచేనంట.
ఒక్క కుండల మూడు కూరలు వండినట్టు
ఎవరు వెట్టిండ్రో ఈ పేరు.

సొరంగం పనికని గుంపుమేస్త్రి పైసలిచ్చిండు.
కుర్మన్న రాళ్లు కొట్టనీకె,
నేను నలభైమందికి వండనీకె,
నవనీత ఊకె మా ఎంబడి.

మొదటి తెల్లారి తలుపు రాలే.
కుర్మన్న కిటికిలకెల్లి దుంకి పారతోటి తవ్వితె
మోకాళ్లెత్తు తెలుపు లోపలికి ఒరిగింది,
సప్పుడు లేకుండ, అడగకుండ,
తెలిసిన సుట్టమోలె.
నవనీత పిడికెడు నోట్లెవెట్టుకొని
"తియ్యగ లేదమ్మా" అని ఏడ్సింది.

మా ఊర్లె మూడొందల ఫీట్లు బోరేసినా దుమ్మే.
ఆడ ఎటు సూసినా నీళ్లే,
కని తాగాలంటె గొడ్డలి వట్టాలె.
మా గుట్ట ఎక్కితె సీతాఫలాలు దొరుకుతయ్,
ఆ గుట్ట ఎక్కితె ఊపిరి దొరకది.
కొబ్బరినూనె రాయైంది.
పప్పు మూడు గంటలుడికినా పలుకే.
దండెం మీది లంగ రేకోలె నిలవడ్డది,
దాన్ని గోడకు ఒరగవెట్టి నవ్విన,
నవ్వుకుంటనే ఏడ్సిన.
పన్నెండు రోజులు తానం జెయ్యలే. అత్తకు జెప్పొద్దు.

పక్కింట్ల ఛోస్కిత్ అచే.
అచే అంటె అక్కనంట.
ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు,
నడుమ విరిగిన హిందీ.
ఉప్పేసిన చాయ తాపిచ్చింది. కక్కొచ్చింది.
మల్ల తాగిన. మల్ల.
జడలబర్రె పిడకలు ఎట్ల ఆరవెట్టాల్నో సూపిచ్చింది.
అది గూడ నాకు నేర్పాల్నా?
నేను గోడకు కొట్టిన పిడక కాడ నిలవడి
నా అయిదువేళ్ల అచ్చుల
తన వేళ్లు వెట్టి సూస్కుంది.

ఓనాడు ఆమె ఇంట్లనే జొన్నరొట్టె కొట్టిన.
అరచేతుల సప్పుడికి
ఆమె మనుమలు ఉరికొచ్చి సుట్టు కూసున్నరు.
రొట్టె పొంగలే. అయినా తిన్నరు.
ఆ దినమే అనిపిచ్చింది
ఈడ ఉండొచ్చని.
ఇంక ఏం లే, గంతె.

ఇప్పుడు ఊర్లె ఉన్న. ఎండ నలభైమూడు.
రేకుల కింద పండుకుంటె ఈపు సాపకు అంటుకుంటది.
నవనీత ఒళ్లంత సెమటకాయలు,
నడిరాత్రి లేశి "ఇంటికి పోదామమ్మా" అంటది.
ఇదే ఇల్లు బిడ్డా, అంటె
"ఇది గాదు, తెల్లది."
అత్త అటు మల్లింది.
నిద్ర వోలే, నాకెర్కె.

పొయ్యే దినం పొద్దుగాల
జొన్నపిండి, చింతపండు, ఎల్లిపాయ కారం
మూట గట్టి, ఛోస్కిత్‌కని ఇంకో చిన్న మూట గట్టి,
పేరు పలకరాక "ఆ పక్కింటామెకు" అని
నెత్తి మీద చెయ్యివెట్టింది ముసల్ది:
"పో బిడ్డ. ఏడున్నా సల్లగుండు."

నవ్వొచ్చింది.
సల్లగుంటె సచ్చిపోతరత్తా ఆడ,
మా అచే అయితె ఎచ్చగుండు అంటది,
అందామనుకున్న. అనలే.
ఇన్ని ఎండలు మోసిన చెయ్యి
ఇంకో మాట ఏడికెల్లి తెస్తది?

ఆ మాటను గట్లనే కొంగున ముడేసుకున్న.
కొండెక్కినంక
ఇనుపపొయ్యి పక్కన వెట్టి
జెర్ర ఎచ్చజేసి
వాడుకుంట.