ఏడో నెంబరు కర్ర

మొదట దాన్ని మునక్కాయలు దింపడానికి వాడింది మా నూకరత్నం.
రొయ్యల మేత కంపెనీ మేనేజరు
బదిలీ సామాను లారీ తూకం వేయించుకుని
చిల్లర లేదని
నూట ఇరవైకి బదులు వదిలిపోయిన కర్ర అది.
"గోల్ఫుదండీ, ఉంచుకోండి" అన్నాడు.
అడుగున 7 అని చెక్కి ఉంది.
మిగతా ఆరూ ఏమయ్యాయో నేను అడగలేదు.
జేబులోంచి ఒక బంతి కూడా తీసి
రసీదు పుస్తకం పక్కన పెట్టాడు,
దొర్లిపోకుండా చెయ్యి అడ్డం పెట్టి.

మా దొడ్డి వెడల్పు పదకొండు అడుగులు.
బోరింగు నుంచి వెనక గోడ దాకా పంతొమ్మిది.
అందులో బట్టల తాడు, గాబు, కరివేప మొక్క, బాతుల గంప.
మిగిలినదంతా ఆట స్థలం.
అత్తిలి చుట్టుపక్కల ఖాళీ నేలంటే అదే మరి.
మడి కానిది చెరువు, చెరువు కానిది గట్టు,
గట్టు మీద కూడా కంది వేస్తారు మావాళ్ళు.
ఊరికే పచ్చగా ఉండటానికి ఎవరైనా గడ్డి పెంచుతారా,
గేదె లేకుండా?

చెరువు మీద కొంగలు వాలకుండా కట్టే వల,
పాతది, గాంధీ గారినడిగి తెచ్చాను.
రెండు సరుగుడు బాదుల మధ్య బిగించాను.
కింద కొబ్బరి పీచు పట్టా.
సాయంత్రం కాటా కట్టేసి వచ్చి
లుంగీ ఎగ్గట్టి
సెల్‌ఫోను గాబు అంచున నిలబెట్టి
అందులో కుర్రాడెవరో చెప్పినట్టు
మోకాళ్ళు కాస్త వంచి, తల కదపకుండా.
తల కదపకుండా ఉండటం ఎంత కష్టమో
దోమలున్న ఊళ్ళో వాళ్ళకే తెలుసు.

గోడ మీంచి మూడు రోజులు చూశారు గాంధీ గారు.
నాలుగో రోజు అడిగారు,
"ఏవండీ, ఇందులో గెలుపెవరిదండీ?"
వల వైపు చూశాను. ఇంకా ఊగుతోంది.

పగలంతా నాది తూకం బతుకు.
ధాన్యం లారీ, ఊక ట్రాక్టరు, ఐసు పెట్టెల వ్యాను,
బరువుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి.
తేడా కాగితం మీద కొట్టి చేతికిస్తాను.
పది కిలోలకి తక్కువైతే మా కాటా కళ్ళు తెరవదు.
ఈ బంతి నలభై ఆరు గ్రాములట.
ఎవరూ లేని ఒక మధ్యాహ్నం
అరవై టన్నుల కాటా నడిమధ్యన
దాన్ని ఒక్కదాన్నే పెట్టి
లోపలికొచ్చి చూశాను.
సున్నా.
చాలాసేపు ఆ సున్నా ముందు కూర్చున్నాను.
ఎందుకో నవ్వొచ్చింది.

కొట్టిన బంతి ఎంత దూరం పోతుందో నాకు తెలీదు.
ఆరడుగుల్లో వల పట్టేస్తుంది.
కానీ చేతికి తెలుస్తుంది.
నూటికి ఒక్కసారి
(మిగతా తొంభైతొమ్మిదీ పీచు పట్టా తింటుంది)
కర్ర బరువు మాయమై
మెత్తగా, ముంజెలోకి బొటనవేలు దిగినట్టు.
అప్పుడు వలే లేకపోతే అది
గోడ దాటి, గాంధీ గారి రేకుల షెడ్డు దాటి,
బోదె దాటి, ఊడ్చిన మళ్ళ మీదుగా...
అక్కడ ఆపేస్తాను.
ఎవరి చేలో పడిందో అనుకోవడం మొదలుపెడితే
తగువులొస్తాయి.

శ్రావణంలో నాలుగు రోజులు ముసురు.
దొడ్డి నల్లగా ఉబ్బి చెప్పులు లాగేసుకుంది.
వెలిశాక చూస్తే గాబు పక్కన
గుండ్రంగా ఒక ఎండ్రకాయ బొరియ,
చుట్టూ బురద ముద్దలు పేర్చి,
నాకోసమే కొలిచి తవ్వినట్టు.
కర్రని నిలువుగా పట్టి మెల్లగా తోశాను.
రెండు గజాలు.
బంతి బాతు ఈకని తప్పుకుని
అంచు మీద ఒకసారి ఆగి
లోపలికి పోయింది.

"రత్నం!"
గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.
చూపించడానికి ఏముంది? ఒక కన్నం.
మోచేతి దాకా పెట్టాను, భుజం దాకా పెట్టాను.
వేళ్ళకి నీళ్ళు తగిలాయి, చల్లగా,
మా నేల కింద ఎప్పుడూ ఉండే నీళ్ళే.
ఏదో గట్టిగా గిల్లింది.

రసీదు లేదు. సాక్షి ఒక బాతు.
రేపు బంతి కోసం తణుకు వెళ్ళాలి,
అక్కడా దొరకదని తెలుసు.
రత్నం లోపలికెళ్ళి
ఒక ఉల్లిపాయ తెచ్చి చేతిలో పెట్టింది.
"చిన్నదే" అంది,
"కూరకి పనికిరానిది."