ఉప్పు లెక్క

జూన్ నెల. లెసోతో కొండల మీద
మంచు ఇంకా గొర్రెల వీపులు దిగలేదు.
నా సంచీలో బీపీ మిషను, నాలుగు బ్యాటరీలు,
ఒక నోటుపుస్తకం,
ఏడో తరగతిలో ఆగిపోయిన నా చదువు.

క్లినిక్కు కిందికి నాలుగు గంటల నడక.
తలనొప్పి కోసం ఎవరూ అంత దూరం దిగరు.
దిగినప్పుడు ఒక్కసారే దిగుతారు,
తలుపు చెక్క మీద, నలుగురి భుజాల మీద.
మా ఆయన అలాగే దిగాడు.
వాగు దాటకముందే మూతి పక్కకు పోయింది,
దాటాక మాట పోయింది.
తలుపు మాత్రం తిరిగి తెచ్చి బిగించారు.
రోజూ అదే తలుపు తీసుకుని బయల్దేరతాను.

"న్తతే మొలెఫి, దుప్పటి తీయండి."
"చలి."
"ఒక్క చెయ్యి చాలు."
ఇక్కడ మగవాణ్ణి దుప్పటి తీయమంటే
పరువు విప్పి పక్కన పెట్టమన్నట్టే.
చాలాసేపటికి ఒక భుజం బయటికొచ్చింది,
ముప్పై ఏళ్ళు గనిలో రాయి కొట్టిన భుజం.
పట్టీ చుట్టూ అందీ అందక అందింది.
గాలి నిండుతుంటే ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
నూట తొంభై రెండు.

"ఉప్పు తగ్గించాలి."
ఆయన పొయ్యిలోకి చూసి నవ్వాడు.
"వెల్కొమ్ గనిలో, మైలు లోతున,
ఒంట్లో నీళ్ళన్నీ చెమటై పోతుంటే
మాకు ఉప్పుబిళ్ళలు పంచేవాళ్ళు.
మింగామో లేదో నోరు తెరిపించి చూసేవాళ్ళు.
బంగారం పైకి పోయింది మాసెయబాతా,
ఉప్పు నాతో ఇంటికొచ్చింది.
ఇప్పుడు నువ్వు అదీ వదిలేయమంటున్నావు."

ఒకరి ఉప్పు తింటే రుణపడిపోతామంటారు.
ఎవరు ఎవరికి పడ్డారో రాయడానికి
నా పుస్తకంలో గడి లేదు.
అంకె రాసుకుని లేచాను.

నెలాఖరు ఆదివారం చావుసంఘం కూడుతుంది.
మనిషికి ఇరవై మలోటీ,
పెట్టెకు, ఎద్దుకు, వచ్చినవాళ్ళ టీలో చక్కెరకు.
ఒక మూల చాప పరిచాను.
"బతికున్నవాళ్ళతో ఇక్కడేం పని?" అని
వెనకెవరో అంటే అందరూ నవ్వారు.
కోశాధికారి మాలినేయో చెయ్యి చాపింది,
నాణెం బరువు చూసి నకిలీదో కాదో చెప్పే చెయ్యి.
నూట ఎనభై.
లెక్క తప్పింది, మళ్ళీ కొలువు అంది.
నూట ఎనభై నాలుగు.
మూడోసారికి మిషను కళ్ళు మూసింది.
బ్యాటరీలు అయిపోయాయి.

అప్పుడు చూడాలి ఆ నిశ్శబ్దం.
ఇంకా పదహారు మంది చేతులు
దుప్పట్లలోంచి సగం బయటికొచ్చి ఉన్నాయి.
మాలినేయో డబ్బు డబ్బా మూత తీసింది.
"ఈ నెల ఎవరూ పోలేదు.
నా పెట్టె డబ్బులోంచి తీసి బ్యాటరీలు కొనండి.
పెట్టె కాస్త చిన్నదైతే మోకాళ్ళు ముడుచుకుంటాను."

చీకటి పడేదాకా వాదన.
అది చావు ఖర్చా, బతుకు ఖర్చా?
నిబంధనల్లో అలాంటి పద్దే లేదు.
చివరికి మాలినేయోనే పెన్సిలు నాలికకు తడుపుకుని రాసింది:
బ్యాటరీలు, ఎనిమిది. ఖాతా: వాయిదా.

ఆ తర్వాత అందరూ మారిపోయారని చెప్పను.
మాత్రలు ఒక నెల వస్తే రెండు నెలలు రావు.
సూపు పొడి పొట్లాం వేయకపోతే
మొరోహో కూర గడ్డిలా ఉందని మనవళ్ళు అలుగుతారు.
మాలినేయో టీలో మూడు చెంచాలు
రెండయ్యాయి, పండగకి మళ్ళీ మూడు.
నాకూ అంతే, ఎవరూ చూడనప్పుడు.

పీచ్ చెట్లు పూసే వేళకు
మొలెఫి ఇంటి ముందు ఆవు ఏదో నాకుతోంది.
ఉప్పు గడ్డ. పక్కన ఖాళీ డబ్బా.
నేనడగలేదు, ఆయన చెప్పలేదు.
భుజం మాత్రం దుప్పటి బయటే ఉంది.

"తగ్గిందా?"
"కొంచెం."
"కొంచెమంటే?"
"కొండ దిగినంత కాదు.
గుర్రం దిగినంత."

కాసేపు ఆలోచించి అన్నాడు:
"దిగకుండా నడవలేం కదా."